పాత ఓమ్నీలో రాజమండ్రి నుంచి అంతర్వేది, ఇంటిల్లిపాదీ. ధైర్యం చెయ్యొచ్చా?

పాతబండి98
అందరికీ నమస్కారం అండి. మే రెండో వారంలో అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి వెళ్దామని నాన్నగారు తీర్మానించేశారు. బండి మా పాత ఓమ్నీయే. 98 మోడల్, కార్బొరేటర్ ఇంజను, ఎనిమిది సీట్లది, ఏపీ 5 నంబరు. పొద్దున్నే ఒక్క సెల్ఫుకే స్టార్టవుతుంది, ఊళ్ళో తిరిగినంతసేపూ ఏ గొడవా లేదు. ఎండలో గంట నడిపి ఎక్కడైనా కట్టేశామా, ఇక కదలదు. అరగంట చెట్టు కింద పెడితే ఏమీ జరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది. ఈమధ్య నడుస్తూ నడుస్తూ కూడా ఆగిపోతోంది. మా వీధి మెకానిక్ ఓసారి పెట్రోలు పంపు అన్నాడు, ఓసారి కార్బొరేటర్ కడిగాడు, డబ్బులు మాత్రం రెండుసార్లూ తీసుకున్నాడు.

ఎక్కేది నాన్నగారు, అమ్మ, మేమిద్దరం, పిల్లలిద్దరు, మా మేనత్త. ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక, రావులపాలెం, కొత్తపేట, పి. గన్నవరం, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, అంతర్వేది. వచ్చేటప్పుడు సఖినేటిపల్లి రేవులో బండితో సహా పంటు (నది దాటించే బల్లకట్టు) ఎక్కి నరసాపురంలో దిగాలని, పాలకొల్లు క్షీరారామం కూడా చూసుకుని రావాలని ఆయన పట్టు. వేరే బండి మాట్లాడదాం అంటే "అయితే మీరు వెళ్ళిరండి, నేను ఇల్లు చూసుకుంటా" అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

భీమారం బుల్లెట్టు
ఇన్నోవా మాట్లాడుకోండి. ఏసీలో వెళ్ళి ఏసీలో వస్తారు. పెద్దవాళ్ళతో, చిన్నపిల్లలతో మే నెలలో ప్రయోగాలేంటండీ? సెంటిమెంటుకి ఓ హద్దుండాలి.

లంకపిల్లోడు
ఆయ్, బుల్లెట్టు గారూ, ఇన్నోవాలో వెళ్తే ఏం చూస్తారండి, అద్దం చూస్తారు. ఓమ్నీయే తీసుకురండి. మా కోనసీమలో బండి ఆగితే తొయ్యడానికి మనుషులకి కొదవా? తోసినోళ్ళే మజ్జిగ కూడా ఇచ్చి పంపుతారు.

స్పానర్
రావులపాలెం దగ్గర షెడ్డు నాది. ఓమ్నీలు బోలెడు చూశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఈ బండి సంగతి. 796 సీసీ, మూడు సిలిండర్లు, ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది. బానెట్టు ఉన్న కార్లలో ఎదురుగాలి తగిలి కొంచెం చల్లబడుతుంది, దీనికి ఆ సుఖం తక్కువ. కట్టేసిన తర్వాత ఓ పది నిమిషాలు ఆ వేడంతా సీటు కిందే ఉండిపోతుంది. ఆ టైములో పైపులో ఉన్న పెట్రోలు ఆవిరైపోతే పంపుకి గాలే అందుతుంది, పెట్రోలు లాగలేదు. అందుకే పాతకాలం డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేసేవాళ్ళు. మీ మెకానిక్ పంపు అన్నాడంటే అది పట్టుకునే అని ఉంటాడు, పూర్తిగా తప్పు కాదు.

కానీ మీరు రాసిన ఒక ముక్క దగ్గర నాకు అనుమానం. "నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది" అన్నారు. ఆగేముందు బండి గుంజి గుంజి, దగ్గి దగ్గి ఆగిందా? లేక స్విచ్ కట్టినట్టు టక్కున ఆగిందా? గుంజి ఆగితే పెట్రోలు తేడా. టక్కున ఆగితే కరెంటు తేడా, నా ఓటు ఇగ్నిషన్ కాయిల్‌కి, అంటే ప్లగ్గుకి కరెంటు పంపేదానికి. కాయిల్ ముసలిదైతే వేడెక్కినప్పుడు లోపల చుట్ట తెగినట్టయి స్పార్క్ పోతుంది, చల్లారాక మళ్ళీ కలుస్తుంది. అందుకే షెడ్డుకి తెచ్చేసరికి అంతా బాగానే ఉంటుంది, పాపం మెకానిక్‌కి దొరకదు.

రోడ్డు మీద ఆగినప్పుడు ఆ అరగంటలోనే తేల్చుకోవాలి. ముందు పెట్రోలు ట్యాంకు మూత తిప్పండి. స్స్ మని గట్టిగా గాలి లాక్కుంటే మూతలో గాలి రంధ్రం పూడుకుపోయిందన్నమాట, అది పైసా ఖర్చులేని రోగం. అది కాకపోతే ఎయిర్ ఫిల్టరు మూత తీసి యాక్సిలరేటర్ తొక్కించండి, కార్బొరేటర్ లోపల సన్నటి పెట్రోలు ధార పడాలి. పడిందంటే పెట్రోలు వస్తున్నట్టే. అప్పుడు ఓ కొత్త ప్లగ్గు తీసుకుని, వైరు తగిలించి, దాని ఒంటిని ఇంజను ఇనుముకి ఆనించి సెల్ఫు కొట్టించండి. ప్లగ్గుని చేత్తో పట్టుకోవద్దు, పిడికి ప్లాస్టిక్ ఉన్న కటింగ్ ప్లేయరుతో పట్టుకోండి. పెట్రోలు వాసన కొడుతుంటే మాత్రం ఈ పరీక్ష జోలికే పోవద్దు. నీలం రంగు స్పార్క్ రాకపోతే దొంగ దొరికినట్టే.

బయల్దేరేముందు పెట్రోలు పైపులు కొత్తవి వేయించండి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, 98 నాటి రబ్బరు దానికోసం చేసింది కాదు. ఇంజను పక్కనే సీటు మీద పిల్లలు కూర్చునే బండిలో పైపు చెమ్మగిల్లిందంటే ఇంక ఆలోచించడానికి ఏమీ లేదు. రేడియేటర్ హోసులు, ఫ్యాను బెల్టు కూడా చూపించండి.

పాతబండి98
స్పానర్ గారూ, టక్కున ఆగిందండి. గుంజడం లేదు.

స్పానర్
అయితే కాయిలే అయ్యుంటుంది. కాకపోతే చూడకుండా మార్పించమని చెప్పను, ఇప్పటికే రెండుసార్లు డబ్బులు పోశారు. ప్లగ్గు, ప్లేయరు బండిలో పెట్టుకోండి.

గోదారి గట్టు
నాకు డెబ్బై దాటాయి, ఈ గట్ల మీద అంబాసిడర్ నుంచి మేటడోర్ దాకా నడిపాను. ఇంజను గురించి ఆయన చెప్పారు, దారి గురించి నేను చెప్తాను.

డెల్టాలో ఎత్తుపల్లాల్లేవు కాబట్టి పాత బండికి ఇబ్బంది లేదనుకుంటారు. ఇబ్బంది ఇంకో రకంగా వస్తుంది. బొబ్బర్లంక నుంచి రావులపాలెం దాకా కాలవ గట్టు రోడ్డు, ఒకపక్క కాలవ, ఒకపక్క పల్లం, బండి పక్కకి తియ్యడానికి జాగా ఉండదు. మీరు వెళ్ళేది దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యే రోజులు. సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి అంచున రాళ్ళు పెడతారు. ఎదురుగా ట్రాక్టరు వస్తే రెండో గేరులో పాక్కుంటూ పోవాలి, ఇంజను కాగేది అక్కడే. గడ్డి పరిచిన చోట బండి ఆపొద్దు. సైలెన్సరు వేడికి ఎండుగడ్డి అంటుకుంటుంది.

నీళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. చుట్టూ నీళ్ళే కదా రేడియేటర్‌కి ఎక్కడైనా దొరుకుతాయి అనుకోకండి. కోతలయ్యాక కాలవలు కట్టేస్తారు, మళ్ళీ జూన్‌లోనే వదిలేది. మలికిపురం దాటి సముద్రం వైపు వెళ్ళేకొద్దీ బోరు నీళ్ళు ఉప్పు. ఆ నీళ్ళు రేడియేటర్‌లో పోస్తే ఇవాళ గడుస్తుంది, రేపు లోపలంతా తుప్పు. ఇరవై లీటర్ల మంచినీళ్ళ టిన్ను ఇంటి నుంచే పెట్టుకోండి. వేడి మీద రేడియేటర్ మూత తియ్యొద్దని వేరే చెప్పక్కర్లేదు, అయినా చెప్తున్నాను, ఎందుకంటే మొహం కాల్చుకున్నవాడిని ఎరుగుదును.

శనివారం ఆ దారిలో వెళ్ళకండి. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాల మొక్కు జనంతో రోడ్డు నిండిపోతుంది. రాత్రిపూట అసలు గట్టెక్కకండి. రెయిలింగ్ లేని మలుపుల్లో కాలవలో పడ్డ బండ్ల గురించి మన జిల్లా వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. చీకటి పడేలోపు హైవే మీదుండాలి, అంతే.

భీమారం బుల్లెట్టు
ఇంత రాశాక కూడా ఇన్నోవా వద్దంటారేంటో నాకర్థం కాదు. సరే కాగితాలైనా చూసుకున్నారా? 98 మోడల్ అంటే 2013లోనే పదిహేనేళ్ళు నిండాయి. ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఉండాలి.

పాతబండి98
2018లో ఒకసారి, 2023లో ఒకసారి చేయించారండి. 2022 ఏప్రిల్‌లో పాత కార్లకి ఆ ఫీజు 600 నుంచి 5,000 చేశారు. అంత కట్టాక బండి అమ్మమని నాన్నగారిని అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. ఇన్సూరెన్సు, పొల్యూషన్ కూడా ఉన్నాయి.

లంకపిల్లోడు
ఐదు వేలు కట్టి దర్జాగా తిరుగుతున్న బండిని పట్టుకుని అనుమానిస్తారేంటండి బాబూ 😀

రాజోలు ఆడపడుచు
మగాళ్ళందరూ ఇంజను దగ్గరే ఉన్నారు, లోపల కూర్చునేవాళ్ళ గురించి ఒక్కరూ రాయలేదు. ఓమ్నీలో ముందు సీటు కింద వేడి మామూలుగా ఉండదు. నాన్నగారు ముందే కూర్చుంటారు, ఎవరు కాదన్నా ఆగరు, కాబట్టి సీటు మీద దళసరి జంపఖానా మడిచి వెయ్యండి. జారే తలుపు పక్కన పిల్లల్ని కూర్చోబెట్టకండి, పాత బండ్లలో ఆ తలుపు గడియ పూర్తిగా పడిందో లేదో చూసుకుని కదలండి. వెనక సీట్లో అత్తయ్యగారిని, అమ్మని సామాన్ల మధ్య ఇరికించొద్దు, క్యారియరు ఉంటే సామాను పైకి ఎక్కించండి.

ఐదింటికల్లా బయల్దేరితే తొమ్మిదిలోపు రాజోలు చేరిపోతారు. రావులపాలెంలో అరటిపళ్ళు ఓ అత్తం తీసుకోండి, పిల్లలకి వాంతులైనా కడుపులో నిలిచేది అదొక్కటే. దద్దోజనం వద్దు, ఎండకి పులుస్తుంది, పులిహోర పెట్టుకోండి. ఆడవాళ్ళకి దారిలో బాత్రూము ఇబ్బంది, పెద్ద పెట్రోలు బంకు కనిపించినప్పుడల్లా అవసరం ఉన్నా లేకపోయినా ఆపండి. ఇంజనుకి కూడా మంచిదేగా.

ఎటూ ఆగేదే కాబట్టి ఎక్కడ ఆగితే బాగుంటుందో ముందే అనుకోండి. మాకు అంబాజీపేట వైపు తిరిగి పొట్టిక్కలు తిని వెళ్ళడం అలవాటు. పనసాకు బుట్టల్లో ఉడికినవి, వేడివేడిగా.

స్పానర్
అమ్మగారు చెప్పింది వందశాతం కరెక్టు. ఆగదు అనుకుని వెళ్తే టెన్షను, ఆగుతుంది అనుకుని వెళ్తే ప్రయాణం.

రేవు కుర్రాడు
నరసాపురం నుంచి. పంటు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తానండి. మీరనుకునే పెద్ద ఓడ కాదు, పడవల మీద బల్లలు పరిచి ఇంజను తగిలించింది. కార్లు, ఆటోలు, మోటారుసైకిళ్ళు అన్నీ దాని మీదే. ఇక్కడ వశిష్ఠ గోదారికి సముద్రం దగ్గర, పోటూ పాటూ ఉంటుంది. నీళ్ళు పాటు మీద ఉన్నప్పుడు ర్యాంపు ఏటవాలు ఎక్కువ. పంటు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు డ్రైవరు తప్ప అందరూ దిగి నడవాలి, ఇది మర్యాదకి చెప్పేది కాదు. పంటు మీద హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో పెట్టి, చక్రాల కింద రెండు కొబ్బరి డొక్కలు పెట్టండి. డొక్కలు ఎక్కడ దొరుకుతాయని మాత్రం అడక్కండి.

మీ బండికి ఉన్న రోగం చూస్తే దిగేటప్పుడే భయం. అవతల ఒడ్డున స్టార్టవ్వకపోతే వెనక ఇరవై బండ్లు హారన్ కొడతాయి. రేవులో ఎంతసేపు ఆగినా సరే, బండి చల్లారాకే పంటు ఎక్కించండి. గాలి ఎక్కువుంటే పంటు ఆపేస్తారు, అప్పుడు దిండి మీదుగా చించినాడ వంతెన ఎక్కి వెళ్ళిపోవడమే.

పాతబండి98
అందరికీ థాంక్సండి. పెట్రోలు పైపులు, పై హోసు, బెల్టు మార్పించాను. ప్లగ్గు, ప్లేయరు, నీళ్ళ టిన్ను సిద్ధం. శనివారం కాకుండా గురువారం వెళ్తున్నాం. నాన్నగారికి ఈ చర్చంతా చదివి వినిపించాను. "ఆ భీమవరం ఆయన్ని మాత్రం ఇంటికి పిలవకు" అన్నారు.

భీమారం బుల్లెట్టు
😂😂 నమస్కారం చెప్పానని చెప్పండి.

లంకపిల్లోడు
గురువారం అయిపోయింది, శుక్రవారం కూడా అయిపోయింది. పాతబండి గారూ, ఎక్కడున్నారండి? ఏ రేవులో ఉన్నారు?

పాతబండి98
వచ్చేశామండి, ఇంట్లోనే ఉన్నాం. తీరిగ్గా రాస్తున్నాను.

ఐదున్నరకి బయల్దేరాం, ఐదింటికి అనుకున్నా అత్తయ్య పూజ అవ్వాలిగా. బ్యారేజీ మీద పిల్లలకి నాన్నగారు క్లాసు పీకారు. 1852 నాటికి కాటన్ దొర ఆనకట్ట పూర్తి చెయ్యకపోతే మనం ఈపాటికి జొన్నన్నం తింటూ ఉండేవాళ్ళమని. పిల్లలు జొన్నన్నం అంటే ఏంటని అడిగారు. లొల్ల లాకుల దగ్గర ఆగాం కానీ గోదారి గట్టు గారు చెప్పినట్టే కాలవ ఎండిపోయి ఉంది, ఫొటోలకి పనికిరాలేదు. కొత్తపేటలో టిఫిను. అక్కడ కట్టేస్తే మళ్ళీ ఒక్క సెల్ఫుకే స్టార్టయింది, నాకే ఆశ్చర్యం.

గన్నవరంలో వైనతేయ మీద అక్విడక్టు ఎక్కాం. కింద నది, మధ్యలో కాలవ, పక్కన మనం. దానికి డొక్కా సీతమ్మగారి పేరు ఎందుకు పెట్టారో అత్తయ్య పిల్లలకి చెప్పడం మొదలుపెట్టింది, ఏ వేళ ఎవరొచ్చినా లేదనకుండా అన్నం పెట్టిన మహాతల్లి అని. కథ సగంలో ఉండగా అక్విడక్టు దిగాం, ఓ రెండు మూడు కిలోమీటర్లు పోయాం, టక్. స్విచ్ కట్టినట్టే. న్యూట్రల్‌లో వేసి నిద్రగన్నేరు చెట్టు నీడ దాకా దొర్లించాను.

దిగి బానెట్టు వెతుక్కునే బండి కాదుగా, నాన్నగారిని దింపి సీటెత్తాలి. ఆయన దిగీ దిగగానే ఎదురింటి అరుగు మీంచి ఒకాయన ప్లాస్టిక్ కుర్చీ పట్టుకొచ్చి వేశారు. "ఎవరి తాలూకండీ?" అన్నారు. అత్తయ్య వాళ్ళ అత్తవారి ఊరు మానేపల్లి అని చెప్పగానే ఇంక బండి సంగతి వాళ్ళు మర్చిపోయారు. ఏ వీధి, ఎవరి ఇల్లు, ఎవరి వియ్యంకుడు... పావుగంటలో ఆయన అత్తయ్యకి వరసకి మరిది అయ్యారు. అమ్మావాళ్ళు లోపలికి వెళ్ళి మజ్జిగ తాగుతున్నారు, నేనూ మా ఆవిడా సీటు కింద.

ట్యాంకు మూత తీశాను, చప్పుడు లేదు. యాక్సిలరేటర్ మా ఆవిడ తొక్కింది, ధార పడింది. ప్లగ్గు పెట్టి సెల్ఫు కొట్టమంటే... ఏమీ లేదు. చీకటి చేద్దామని తువ్వాలు అడ్డం పెట్టి చూశాం, అయినా లేదు. ఈలోగా అయిదారుగురు చేరారు. ఒకాయన పంపు మీద తడిగుడ్డ వెయ్యమంటాడు, ఒకాయన చోక్ లాగి కొట్టమంటాడు, లుంగీ ఆయన ఒకరు "అసలు ఓమ్నీలు కొనకూడదండి" అని తీర్పిచ్చేసి వెళ్ళిపోయాడు. నేను తడిగుడ్డ కాయిల్‌కి చుట్టాను. ఇరవై నిమిషాలాగి మళ్ళీ కొడితే నీలంగా చిట్‌చిట్‌మని స్పార్క్! స్పానర్ గారూ, ఆ క్షణంలో మీరు పక్కనుంటే కాళ్ళకి దండం పెట్టేవాణ్ణి.

ఆ ఇంటి అబ్బాయి బండి మీద ఎక్కించుకుని రాజోలు తీసుకెళ్ళాడు. కాయిల్ వెయ్యి లోపే వచ్చింది. తిరిగొచ్చి బిగించేసరికి పదకొండు. భోజనం చేసి వెళ్ళమని ఒకటే గొడవ, దర్శనం అయ్యాక వస్తామని ఒట్టేస్తే వదిలారు.

ఆ తర్వాత అంతర్వేది దాకా గానీ, తిరిగి వచ్చేటప్పుడు గానీ బండి ఒక్కసారీ ఆగలేదు. దర్శనం బాగా అయింది, వశిష్ఠ సముద్రంలో కలిసేచోట పిల్లల్ని నీళ్ళలోంచి లాగడమే కష్టమైంది. రేవులో అందరూ దిగి నడిచారు, నాన్నగారు తప్ప. ఆయన్ని దింపడానికి పంటు కుర్రాళ్ళు బతిమాలాల్సొచ్చింది. నరసాపురం ర్యాంపు ఫస్టు గేరులో ఒక్క ఊపున ఎక్కింది. అత్తయ్య లేసు అల్లికలు కొంటానంటే గంట పోయింది. పాలకొల్లులో గుడి చూసుకుని మార్టేరు, పెనుగొండ మీదుగా సిద్ధాంతం దగ్గర హైవే ఎక్కేసరికి ఇంకా వెలుతురుంది.

రాజోలు ఆడపడుచు
మరి భోజనానికి ఒట్టేసి వెళ్ళలేదన్నమాట. పంటు ఎక్కేశారుగా. వాళ్ళు వంట చేసి ఎదురుచూసి ఉంటారు, ఫోను చెయ్యండి ముందు.

పాతబండి98
సఖినేటిపల్లి నుంచే అత్తయ్య ఫోను చేసిందండి. ఆవిడ్ని వచ్చే నెల వారం రోజులు ఉండేలా పంపిస్తామని మాటిచ్చాకే ఊరుకున్నారు.

స్పానర్
సంతోషం. దండాలు వద్దు గానీ, కాయిల్‌తో పాటు ప్లగ్గు వైర్లు, డిస్ట్రిబ్యూటర్ మూత కూడా ఓసారి చూపించండి. అవి బలహీనంగా ఉంటే కొత్త కాయిల్ మీద కూడా బరువు పడుతుంది. పాత కాయిల్ స్పేరుగా ఉంటుందని బండిలో దాచుకోకండి, పారెయ్యండి. చల్లగా ఉన్నప్పుడు బాగానే పనిచేసి మిమ్మల్ని మోసం చేస్తుంది.

పాతబండి98
నాన్నగారు ఆల్రెడీ గుడ్డలో చుట్టి వెనక సీటు కింద పెట్టేశారండి. ఇప్పుడు దసరాకి మారేడుమిల్లి అంటున్నారు.

గోదారి గట్టు
వద్దు. మారేడుమిల్లి దాటాక చింతూరు దాకా ఘాటు రోడ్డు, ఫోను సిగ్నలు సరిగ్గా ఉండదు, మైళ్ళకి మైళ్ళు ఇల్లుండదు. అక్కడ బండి ఆగితే కుర్చీ వేసే మనిషి ఉండడు.

భీమారం బుల్లెట్టు
దానికైనా ఇన్నోవా మాట్లాడండి. కావాలంటే నేనే డ్రైవరుగా వస్తాను, నాన్నగారిని ముందు సీట్లో కూర్చోబెడతాను.

లంకపిల్లోడు
ఆయ్, ముందు ఆయన్ని ఇంటికి రానిస్తారో లేదో కనుక్కోండి.